సముద్రం పడకపోతే చెవిలో లోపం ఉన్నట్టా?

తమ్ముడూ, నీ వయసు ఇరవై ఒకటి అన్నావు కాబట్టి చనువుగా నువ్వు అంటున్నాను. నేను పర్లాకిమిడిలో పుట్టి, బరంపురంలో ఇరవై మూడేళ్లుగా చెవి, ముక్కు, గొంతు డాక్టరుగా పని చేస్తున్నాను. గోపాల్‌పూర్, ఆర్యపల్లి వైపు నుంచి వచ్చే మన తెలుగు మత్స్యకారులు చాలామంది నా దగ్గరికి వస్తారు. నువ్వు అడిగిన ప్రశ్న నన్ను ఏటా ఒకరిద్దరు అడుగుతారు, అదీ తలుపు దగ్గరికి వేశాక, గొంతు తగ్గించి అడుగుతారు. నువ్వు పదిమందీ చదివేచోట అడిగావు కాబట్టి వివరంగా రాస్తాను.

ముందు నువ్వు చెప్పింది మిగతావాళ్లకి క్లుప్తంగా: గోపాల్‌పూర్ దగ్గర వాడబలిజ కుటుంబం. చదువంతా హాస్టల్లో గడిచింది. ఈ జూన్‌లో వేట తెరిచాక నాన్నతో ఫైబర్ బోటు ఎక్కడం మొదలుపెట్టావు. ఒడ్డు దగ్గర పెద్ద కెరటాలు దాటేటప్పుడు ఏమీ కాదు. వల వేసి, ఇంజన్ ఆపి, బోటు ఊగుతూ ఉన్నప్పుడు అరగంటలో చెమటలు, నోట్లో నీళ్లు ఊరడం, ఆ తర్వాత వాంతులు. బాబాయిలు భయం అంటున్నారు. చెవిలో నీళ్లు పోసే టెస్టు చేయించుకోమని ఎవరో చెప్పారు. మీ చిన్నతాతకి చిన్నప్పుడు మెదడు జ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయి, కానీ ఎంత గాలిలోనూ ఆయనకి కడుపులో తిప్పదు, అది గంగమ్మ ఇచ్చిన వరం అంటారు. ఆయనకి లేనిది నీకెందుకు వచ్చింది, ఇది తగ్గుతుందా అని నీ ప్రశ్న.

నీ చెవిలో లోపం లేదు. లోపలి చెవి చక్కగా పనిచేస్తోంది కాబట్టే నీకు వాంతులవుతున్నాయి. మీ చిన్నతాత సంగతి దీనికి సరిగ్గా తిరగేసి ఉంది. అక్కడికి చివర్లో వస్తాను, నీ వాంతుల కంటే అదే ముఖ్యం, దయచేసి చివరిదాకా చదువు.

చెవిలో వినికిడి భాగం పక్కనే, ఎముక లోపల, మూడు సన్నని వంపు గొట్టాలు, రెండు చిన్న సంచులు ఉంటాయి. గొట్టాల్లో ద్రవం ఉంటుంది. నువ్వు తల తిప్పితే ద్రవం ఒక క్షణం వెనకబడుతుంది, ఆ తేడాతో తల ఎటు ఎంత వేగంగా తిరిగిందో నరానికి తెలుస్తుంది. మూడు గొట్టాలూ మూడు దిక్కులకి ఉన్నాయి కాబట్టి ఏ వైపు తిప్పినా తప్పించుకోదు. సంచుల్లో జిగురు పొర మీద సున్నపు రేణువులు ఉంటాయి, కాల్షియం కార్బొనేట్, అంటే మన ముగ్గురాయిలో ఉండే పదార్థమే. తల వంచినా, బోటు పైకి లేచినా, కిందికి జారినా ఆ రేణువుల బరువు పొరని లాగుతుంది. కింద అంటే ఎటో మనకి చెప్పేది ప్రధానంగా ఇవే.

ఇది ఎంత చురుగ్గా పనిచేస్తుందో నీకు నువ్వే చూసుకోవచ్చు. ఇప్పుడు చదువుతున్న ఫోన్‌ని కదపకుండా పట్టుకుని, "కాదు కాదు" అన్నట్టు తలని వేగంగా ఊపు. అక్షరాలు నిలబడే ఉంటాయి, చదవగలవు. ఇప్పుడు తల కదపకుండా అదే వేగంతో ఫోన్‌ని ఊపు. అక్షరాలు అలుక్కుపోతాయి. రెండుసార్లూ కదలిక ఒకటే, కానీ తల కదిలినప్పుడు చెవి నుంచి కంటి కండరాలకి మూడే మూడు నరకణాల గొలుసు గుండా కబురు వెళ్తుంది. తల కుడికి తిరిగితే కళ్లు అంతే ఎడమకి తిరుగుతాయి, సుమారు పది మిల్లీసెకన్లలోపే. చూపు మీద ఆధారపడి కన్ను వెంబడించాలంటే దానికి పది రెట్లు టైమ్ పడుతుంది, అందుకే ఫోన్ ఊపినప్పుడు కన్ను అందుకోలేకపోయింది. నువ్వు ఇసకలో పరుగెత్తుతూ దూరంగా ఉన్న బోటు మీద నెంబరు చదవగలుగుతున్నావంటే ఈ ప్రతిచర్య పుణ్యమే.

అది లేకపోతే ఎలా ఉంటుందో 1952లో ఒక అమెరికన్ వైద్యుడు తన అనుభవమే రాశాడు. స్ట్రెప్టోమైసిన్ ఇంజక్షన్ల వల్ల ఆయన రెండు చెవుల్లోనూ ఈ భాగం దెబ్బతింది. మంచం మీద పడుకుని పుస్తకం చదువుదామంటే, గుండె కొట్టుకున్నప్పుడల్లా తల వెంట్రుకవాసి కదిలి పేజీ గెంతేదట. మంచం తలవైపు ఇనుప చువ్వల మధ్య తలని ఆనించి బిగబట్టుకుంటే గానీ అక్షరాలు నిలిచేవి కావు. నాకు చదువుకునే రోజుల్లో ఇది చదివాక గానీ ఈ చిన్న అవయవం విలువ అర్థం కాలేదు.

మరి ఇంత మంచి యంత్రం బోటు మీద ఎందుకు తికమక పడుతుంది? సంచుల్లోని రేణువులకి ఒక పరిమితి ఉంది. తల పక్కకి ఒరిగిందా, లేక మనిషి మొత్తం పక్కకి జరిగాడా అన్నది అవి విడదీసి చెప్పలేవు, రెండిట్లోనూ పొర ఒకేలా జారుతుంది. గొట్టాల కబురు, కళ్ల కబురు, అరికాళ్ల కబురు కలిపి మెదడు లెక్క కట్టుకుంటుంది. నేల మీద పుట్టి పెరిగిన మెదడుకి ఈ లెక్క ఎప్పుడూ తప్పదు. మనం నడిచేటప్పుడు సెకనుకి సుమారు రెండుసార్లు పైకీ కిందికీ ఊగుతాం, దానితో ఎవరికీ వికారం రాదు. ఐదు సెకన్లకి ఒకసారి లేచి పడే నెమ్మది ఊపు దగ్గర మాత్రం లెక్క తప్పుతుంది. 1970లలో మనుషుల్ని యంత్రపు గదిలో కూర్చోబెట్టి రకరకాల వేగాలతో పైకీ కిందికీ ఊపి చూస్తే, అన్నిటికంటే ఎక్కువ వాంతులు తెప్పించింది దాదాపు ఆ ఐదారు సెకన్ల ఊపే.

నీ ప్రశ్నలో నువ్వు గమనించిన విషయానికి జవాబు ఇందులోనే ఉంది. ఒడ్డున విరిగే కెరటం దెబ్బ మీద దెబ్బ కొడుతుంది, కుదుపు పెద్దదే కానీ త్వరత్వరగా వస్తుంది, పైగా ఆ పది నిమిషాలూ నీ కళ్లు ముందున్న కెరటం మీదే ఉంటాయి, మోకాళ్లు వంచి బిగబట్టుకుని ఉంటావు. ఇంజన్ ఆగాక బోటు కెరటానికి అడ్డంగా తిరుగుతుంది. అప్పుడు వచ్చే నిదానమైన ఊపే నీ శత్రువు. రంభ నుంచి చిలికా సరస్సులో ఎంత గాలిలో తిరిగినా నీకు ఏమీ కాలేదన్నావే, అక్కడ లోతు తక్కువ, అలలు పొట్టివి, చకచకా వస్తాయి. జూన్, జులై నెలల్లో గోపాల్‌పూర్ ముందు సముద్రానికి దక్షిణం నుంచి వచ్చే పొడుగు ఉబ్బు అలా కాదు.

దీనికి తోడు నువ్వు వల విడదీస్తూ తల వంచుకుని కూర్చుంటావు. కళ్ల ముందున్న వల నీతోపాటే ఊగుతుంది కాబట్టి కళ్లు "కదలడం లేదు" అంటాయి, చెవి "కదులుతున్నాం" అంటుంది. బోటు ఒక పక్కకి తిరుగుతుండగా తల ఇంకో పక్కకి వంచితే గొట్టాల్లో కబుర్లు ఇంకా కలగాపులగం అవుతాయి. మీద కిరసనాయిలు పొగ, ఎండ, చేపల వాసన. వాసనలే కారణం కాదు గానీ, మొదలైన వికారాన్ని అవి ఎగదోస్తాయి.

కబుర్లు కలవకపోతే కడుపెందుకు తిరగాలి అంటే, దానికి ఒక ఊహ ఉంది. 1977లో ట్రైస్మన్ అనే శాస్త్రవేత్త చెప్పాడు: విషం తిన్నప్పుడు కూడా కళ్లకీ చెవికీ పొత్తు చెడుతుంది, కాబట్టి ఆ తికమక కలిగితే కడుపు ఖాళీ చేసెయ్యమని శరీరం నేర్చుకుని ఉంటుందని. ఊహే, కానీ బాగుంది.

బాబాయిలు భయం అంటున్నారే, దాని గురించి కచ్చితంగా చెప్పాలి. భయం వల్ల వికారం పెరగొచ్చు, టెన్షన్ పడుతూ కూర్చుంటే ఇంకొంచెం ముందుగానే మొదలవ్వొచ్చు. భయం వల్ల పుట్టదు. బీగిల్ ఓడ మీద 1831 నుంచి 1836 దాకా లోకం చుట్టివచ్చిన చార్లెస్ డార్విన్‌ని ఆ ఐదేళ్లూ ఇది వదల్లేదు. ఆయన పిరికివాడు కాదు. వికారాన్ని ఇంగ్లీషులో నాసియా అంటారు, ఆ మాట గ్రీకుల "నావ"లోంచి పుట్టింది. సముద్రం మీద బతికిన జాతే దానికి ఆ పేరు పెట్టింది. మీ నాన్నకి ఇది చూపించు.

కొందరికే ఎందుకు ఎక్కువ? రెండేళ్ల లోపు పిల్లలకి దాదాపు రాదు. ఏడెనిమిదేళ్ల నుంచి పదేళ్ల వయసులో ఎక్కువ, పెద్దయ్యాక తగ్గుతూ వస్తుంది. ఆడవాళ్లలో ఎక్కువ. మైగ్రేన్ తలనొప్పి ఉన్నవాళ్లకి మరీ ఎక్కువ. మీ అమ్మకి దరింగిబాడి ఘాట్ రోడ్డులో బస్సు పడదన్నావు, తలనొప్పితో చీకటి గదిలో పడుకుంటుందన్నావు. నీకు కొంత అక్కణ్ణుంచే వచ్చి ఉంటుంది, ఇది కుటుంబాల్లో నడుస్తుంది.

ఇంకో కారణం నాకు చాలా ఇష్టమైనది. చిన్నప్పుడు గిర్రున తిరిగి ఆగితే లోకం ఇంకా తిరుగుతూనే ఉండేది కదా. గొట్టంలోంచి వచ్చే కబురు నిజానికి ఐదారు సెకన్లలోనే సన్నగిల్లిపోతుంది. మెదడు దాన్ని పట్టుకుని పదిహేను, ఇరవై సెకన్ల దాకా సాగదీస్తుంది. ఈ సాగదీత ఎంత ఎక్కువసేపు ఉంటే అంత త్వరగా వికారం వచ్చే స్వభావం ఉంటుందని పరిశోధనల్లో కనిపించింది. ముఖ్యమైన సంగతేమంటే, అలవాటుతో ఈ సాగదీత తగ్గుతుంది. అంటే మీ నాన్న చెవి నీ చెవి కంటే గట్టిది కాదు. ఆయన మెదడు ముప్పై ఏళ్లుగా బోటు లెక్కలు వేరే పద్దులో రాసుకుంది.

చెవిలో నీళ్లు పోసే టెస్టు నీకు అక్కర్లేదు. అది మంచి టెస్టే. వియన్నాలో రాబర్ట్ బారనీ అనే చెవి డాక్టరు, చెవులు కడిగేటప్పుడు నీళ్లు మరీ చల్లగా గానీ మరీ వేడిగా గానీ ఉంటే రోగులకి కళ్లు తిరగడం గమనించి దాన్ని తయారుచేశాడు. 1914 నోబెల్ బహుమతి ఆయనకి ఈ పనికే వచ్చింది, ఆ కబురు అందేసరికి ఆయన యుద్ధఖైదీగా రష్యాలో ఉన్నాడు. ఆ టెస్టు ఏ చెవి మందగించిందో చెబుతుంది. నేల మీద ఉన్నప్పుడు నీకు కళ్లు తిరగడం లేదు, పక్క మీద దొర్లితే గది తిరగడం లేదు, చెవిలో హోరు లేదు, ఒక చెవి వినికిడి తగ్గలేదు, చీము లేదు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వచ్చి చూపించుకో. లేకపోతే ఆ డబ్బు దాచుకో.

ఇక చేయాల్సింది. మొదటిది, మానకు. బోటు మీద వరసగా రోజులు గడిపేవాళ్లలో చాలామందికి రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. నువ్వు వారానికి ఒకసారి, అదీ బతిమాలితే వెళ్తున్నావు, మెదడు నేర్చుకున్నది మర్చిపోతోంది. ప్రశాంతంగా ఉన్న రోజుల్లో వరసగా వెళ్లు, అవసరమైతే కాసేపే వెళ్లి తిరిగిరా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆగుతుంది కదా, దాని తర్వాత మొదటి వారం అలవాటున్నవాళ్లలో కూడా కొందరికి మళ్లీ తిప్పుతుంది. నువ్వు మొదలుపెట్టింది సరిగ్గా ఆ వారమే, పైగా సముద్రం ఉబ్బి ఉండే నెల. ఆ నెల చూసి నీ మీద నువ్వు తీర్పు చెప్పుకోకు.

రెండోది, ఇంజన్ పిడి నీకు ఇమ్మని నాన్నని అడుగు. కారు నడిపేవాడికి వికారం రాదు, పక్కన కూర్చున్నవాడికి వస్తుంది, చూసే ఉంటావు. తర్వాతి కదలిక ఏమిటో ముందే తెలిసిన మెదడు తికమక పడదు. ఒకసారి ఆర్యపల్లి నుంచి ఒక పెద్దాయన బోటులో వెళ్లినప్పుడు ఆయన్నే చూస్తూ నిలబడ్డాను. చుక్కాని దగ్గర నిలబడి ఉన్నాడు, మోకాళ్లు వదులుగా ఉన్నాయి. కెరటం బోటుని ఎత్తకముందే నడుము కొద్దిగా అటు ఒరిగేది. తల మాత్రం నీళ్ల గిన్నె మోస్తున్నట్టు నిలకడగా ఉంది, చూపు ఆకాశమూ నీళ్లూ కలిసే గీత మీదే ఉంది. నన్ను కూడా అలా నిలబడమన్నాడు. నిలబడ్డాక నాకు తేలికపడింది. కూర్చోకు, లేచి నిలబడి ఆ గీత చూడు. బోటు మధ్యలో ఉండు, ముందు కొసన ఊపు ఎక్కువ. వల పని ఐదు నిమిషాలు చేసి, ఒక నిమిషం తలెత్తి చూడు. మరీ భరించలేకపోతే వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకో, అందులో సిగ్గేమీ లేదు.

ఖాళీ కడుపుతో వెళ్లకు, నిండా తినీ వెళ్లకు. కొంచెం చద్దన్నమో పఖాళమో చాలు, నూనె వస్తువులు వద్దు. అల్లం ముక్క కొందరికి పనిచేస్తుంది, నష్టం లేదు. వాంతులైతే ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు గుక్క గుక్కగా తాగుతూ ఉండు, ఎండలో నీరు తగ్గిపోతే అసలు ప్రమాదం అదే.

మాత్రలు ఉన్నాయి. అవోమిన్ లాంటివి, సిన్నరిజిన్ లాంటివి బయల్దేరడానికి గంట, రెండు గంటల ముందే వేసుకోవాలి. వికారం మొదలయ్యాక కడుపు కదలిక మందగిస్తుంది, మాత్ర అక్కడే ఉండిపోతుంది లేదా బయటికి వచ్చేస్తుంది. మామూలు వాంతులకి ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ దీనికి పెద్దగా పనిచేయదు, దాని కోసం మందులషాపుకి పరుగెత్తకు. ఈ మాత్రలతో మగత వస్తుంది. వల తాళ్ల మధ్య మగతగా ఉండే మనిషి తనకీ పక్కవాళ్లకీ ప్రమాదం, కాబట్టి మొదటిసారి ఇంటి దగ్గర సెలవురోజు వేసుకుని చూడు, అదీ డాక్టరుని అడిగి. మొదటి నాలుగైదు ప్రయాణాలకి సాయంగా వాడుకో, రోజూ అలవాటు చేసుకోకు. ఇంకొక మాట. ఉమ్మెత్త గింజ నమిలితే సముద్రం పడుతుందని మన ఊళ్లలో చెప్పుకుంటారు. ఉమ్మెత్తలో ఉన్న స్కోపొలమిన్‌ని ఈ జబ్బుకి మందుగా వాడే మాట నిజమే, కానీ ఏ గింజలో ఎంత ఉందో ఎవరికీ తెలియదు. ఉమ్మెత్త తిని మతి చలించినవాళ్లని క్యాజువాల్టీలో చూశాను. ముట్టుకోవద్దు.

ఇక మీ చిన్నతాత. 1882లో విలియం జేమ్స్ అనే అమెరికన్ చెవిటివాళ్లని గిర్రున తిప్పి చూశాడు. 519 మందిలో 186 మందికి అసలు కళ్లు తిరగలేదు. తర్వాత 1958 నుంచి అమెరికా నౌకాదళం, నాసా కలిసి చెవిటివాళ్ల కోసం అక్కడున్న గాలడెట్ కాలేజీకి చెందిన 11 మంది చెవిటి మగవాళ్ల మీద ప్రయోగాలు చేశాయి. వాళ్లలో పదిమందికి చిన్నప్పుడు మెదడు పొరల జ్వరం వల్లే చెవులు పోయాయి, అచ్చం మీ తాతలాగే. కెనడా తీరంలోని నోవా స్కోషియా దగ్గర అల్లకల్లోలంగా ఉన్న సముద్రంలో వాళ్లు పేకాడుకుంటూ కూర్చుంటే, పరీక్షించడానికి వెళ్లిన శాస్త్రవేత్తలు వాంతులతో కూలబడి, ప్రయోగాన్నే ఆపుకోవాల్సి వచ్చింది. ఆ జ్వరం వినికిడితో పాటు ఈ గొట్టాల్నీ సంచుల్నీ కూడా మాడ్చేస్తుంది. కబురే రాకపోతే తికమక ఎక్కడిది? మీ ఇంట్లో దాన్ని వరంగా చూసుకున్నారు, ఆయన కూడా ఆ గౌరవంతోనే ఇన్నాళ్లూ సముద్రం మీద బతికారు, దాన్ని తీసేయమని నేను అనను.

కానీ చెవిటివాళ్లందరికీ ఇలా ఉండదు, కాబట్టి ముందు తెలుసుకోవాలి. గోడ మీద కేలండర్‌లో అంకెల్ని చూస్తూ తల వేగంగా ఊపమని సైగ చేసి చూపించు. అంకెలు అలుక్కుపోతున్నాయంటే ఆ కంటి ప్రతిచర్య లేనట్టే. తర్వాత మెత్తటి పరుపు మీద పాదాలు దగ్గరగా పెట్టి నిలబడి కళ్లు మూసుకోమను. ఇద్దరు చెరోపక్క పట్టుకోవడానికి సిద్ధంగా ఉండండి, పడిపోవచ్చు. ఆయన పగలంతా కళ్లతో, అరికాళ్లతో నిలబడుతున్నారు. చీకట్లో కళ్లు లేవు, నీళ్లలో అరికాళ్లూ లేవు. అలాంటివాళ్లు నీట మునిగితే ఏది పైకో ఏది కిందికో తెలియక తికమకపడొచ్చని జేమ్స్ ఆనాడే రాశాడు.

రాత్రి వేటలో వల నీళ్లలో తిరిగే ఇంజన్ ఫ్యాన్‌కి చుట్టుకుంటే దిగి విడదీసేది చిన్నతాతే అని నీ ప్రశ్నలో గర్వంగా రాశావు. అది చదివి నాకు గుండె ఝల్లుమంది. ఇకమీదట ఆయన్ని దింపకండి, నువ్వో మీ బాబాయో దిగండి. ఎప్పుడైనా తప్పనిసరై దిగితే నడుముకి తాడు కట్టి, ఆ కొస ఒక మనిషి చేతిలో ఉంచండి, టార్చి వెలుగు నీళ్ల మీద పడుతూ ఉండాలి. చీకటి పడ్డాక బోటులో ఉన్నంతసేపూ లైఫ్‌జాకెట్ విప్పనివ్వొద్దు. ఆదివారం తప్ప ఏ రోజైనా ఉదయం ఆయన్ని బరంపురం తీసుకురా, నేనే చూస్తాను. సైగలతో మాట్లాడటానికి నువ్వు పక్కన ఉండు.